గిటార్‌కి ఏ పాలిష్ బెస్ట్? మెరుపు చూసి మోసపోకండి!

గిటార్ చేతిలోకి తీసుకోగానే అందరి కళ్లూ పడేది దాని మెరుపు మీదే. చేత్తో గిటార్లు తయారుచేసే నాలాంటి వాళ్లకి నిద్ర పట్టనివ్వనిది కూడా ఆ మెరుపే. చెక్క కోతలోనో, అతుకులోనో తేడా వస్తే అప్పుడే సరిచేసుకోవచ్చు. ఆఖర్న వేసే పారదర్శకమైన పూత అలా కాదు. అది ఏళ్ల తరబడి ఆ వాద్యంతో కాపురం చేస్తుంది.

‘గట్టిగా ఉండేది వేసెయ్ అన్నా, గీతలు పడకూడదు’ అని అడిగేవాళ్లే ఎక్కువ. గట్టిదనం ఒక్కటే కావాలంటే డైనింగ్ టేబుల్‌కి వేసేదే దీనికీ దట్టించొచ్చు. కానీ గిటార్ ముందు పలక మందం 2.5 నుంచి 3 మిల్లీమీటర్లే. తీగ మీటితే వణికేది అదే, పాడేది అదే. దాని మీద పూత మందమైతే గొంతు మీద దుప్పటి కప్పినట్టే. అందుకే మొత్తం పూత ఓ జెరాక్స్ కాగితం మందానికి అటూఇటూగా, అంటే 0.1 మిల్లీమీటర్ దగ్గర ఉండేలా చూసుకుంటాం. అంత పలచటి పొర చెమటనీ, గోళ్లనీ, తేమనీ తట్టుకోవాలి. అసలు తలనొప్పంతా అక్కడే!

లక్క: అడవి ఇచ్చిన పూత

ఫ్రెంచ్ పాలిష్ అనగానే ఫారిన్ సరుకు అనుకుంటారు. అందులో వాడే షెల్లాక్ మన లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద లక్క పురుగులు వదిలే జిగురు అది. జార్ఖండ్‌లో ఎక్కువగా పండుతుంది. ఏటికొప్పాక బొమ్మలకి నునుపు తెచ్చేదీ లక్కే. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దుతాం. చాలా పలచగా వస్తుంది, స్వరాన్ని నొక్కేయదు. గీత పడితే అక్కడే మళ్లీ రుద్దితే పాత పొరలో కలిసిపోతుంది.

బలహీనత? చెమట, వేడి, ఆల్కహాల్. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకున్నా, దగ్గర్లో డియో కొట్టినా మచ్చ పడొచ్చు.

నైట్రో: పాత అందం

నైట్రోసెల్యులోజ్ లాకర్ 1920ల్లో కార్ల రంగుగా పేరు తెచ్చుకుంది. త్వరగా ఆరుతుంది కదా, గిటార్లకీ వచ్చేసింది. మార్టిన్, గిబ్సన్ దీనితోనే పేరుపడ్డాయి. కొత్త కోటు పాత కోటుని కొంచెం కరిగించి అందులో కలుస్తుంది కాబట్టి రిపేరు సులువు. కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, ఒక్కసారిగా చల్లబడితే సన్నగా పగుళ్లిస్తుంది. కొన్ని రకాల రబ్బరు స్టాండ్లకి ఆనిస్తే అక్కడ మెత్తబడిపోతుంది. వానాకాలంలో స్ప్రే చేస్తే గాల్లో తేమ పట్టి తెల్లగా పొగలా మసకేస్తుంది. మన కోస్తాలో ఇది రోజూ ఉండే గొడవే.

పీయూ: కవచం

హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురిథేన్ చెమటకీ, స్పిరిట్‌కీ లొంగదు. రోజూ స్టేజీ ఎక్కేవాళ్లకి ఇదే ధీమా. చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, పెచ్చు ఊడితే అతుకు కనిపిస్తుంది, కొత్త పొర పాతదాంట్లో కరగదు. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఆ హార్డెనర్‌లో ఉండే ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకి శత్రువులు, ఆస్తమా తెప్పించగలవు. మూతికి కర్చీఫ్ కట్టుకుంటే ఆగేవి కావు. అందుకే నా షెడ్‌లో పీయూ గన్ ముట్టను. బూత్, స్వచ్ఛమైన గాలి అందించే మాస్క్ ఉన్నచోట కొట్టిస్తాను. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ.

ఇంట్లో సొంతంగా ప్రయత్నించేవాళ్లకి గుడ్డతో తుడిచే ఆయిల్ వార్నిష్ తేలిక. పొరలు పలచగా వేసి, ఒక్కోటీ బాగా ఆరనివ్వాలి. రోజ్‌వుడ్ మీద మాత్రం నేరుగా వేస్తే జిగటగా ఉండిపోవచ్చు. ముందు మైనం తీసిన షెల్లాక్ ఓ పొర వెయ్యాలి. ఇంకోమాట: అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో వేయండి.

మరి నేనేం చేస్తున్నా?

ఇప్పుడు నా బల్ల మీదున్నది విశాఖలో సాయంత్రాలు కేఫ్‌ల్లో పాడే ఓ కుర్రాడి గిటార్. సముద్రపు గాలి, అరచేతుల్లో చెమట. అన్నిటికీ ఒకే పూత అనే పట్టు వదిలేశాను. చెయ్యి ఎప్పుడూ తగిలే మెడకీ, ఒంటికి ఆనే వెనక పలకకీ, పక్కలకీ పలచటి పీయూ. పాడే ముందు పలకకి లక్క. మోచెయ్యి ఆనేచోట లక్క అరుగుతుందని ముందే చెప్పాను. ఏడాదికోసారి తెస్తే మళ్లీ రుద్ది ఇస్తాను. ‘అరిగినా ఫర్లేదన్నా, గొంతు పోకూడదు’ అన్నాడు. గిటార్ తనది, పాట తనది. ఆ నిర్ణయం తనదే కావాలి.

ఏ పూతైనా తేమని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. లోపలి చెక్కకి మామూలుగా పూతే ఉండదు. కాబట్టి వాయించాక పొడిగుడ్డతో తుడవండి, కేసులో పెట్టండి, ఎండలో కార్లో వదలకండి.

చేత్తో చేసిన గిటార్ ఆర్డరిచ్చే ముందు తయారీదారుని మూడే అడగండి: ఏ పూత? ఎంత మందం? పాడైతే బాగుచేసేదెవరు? అదే చెక్క ముక్క మీద వేసిన నమూనా కూడా అడిగి తీసుకోండి. ఓ చుక్క నీళ్లు, ఓ చుక్క శానిటైజర్ వేసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి సగం జవాబు ఆ ముక్కే చెప్పేస్తుంది.