మా వీధి జమాఖర్చులు

తిరువళ్ళూరు అనగానే మనవాళ్ళకు గుర్తుకొచ్చేది వీరరాఘవస్వామి కోవెల. అమావాస్య వచ్చిందంటే హృత్తాపనాశిని కోనేటి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. చెన్నై నుంచి తిరుపతికి పోయేవాళ్ళలో చాలామంది మా ఊరి మీదుగానే తిరుత్తణి, నగరి దాటి వెళతారు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు కదిలితే ఇక చెప్పనక్కరలేదు. బండ్లు ఇన్ని పెరిగినా పాత వీధుల వెడల్పు మాత్రం పెరగలేదు. మా వీధి పెద్దరోడ్డుకు అడ్డదారి. పెద్దరోడ్డు మీద బండ్లు నిలిచిపోతే తెలివిగల వాళ్ళంతా మా వీధిలోకి తిరుగుతారు. అలాంటి తెలివిగలవాళ్ళు రోజుకు ఎంతమందో!

నేను బ్యాంకులో ఆఫీసరును. చదివింది బి.కాం. లెక్కలు తప్ప వేరే విద్య రాదు. అందుకే వీధి సంఘం పెట్టిన రోజునే కోశాధికారి పదవి నాకు అంటగట్టారు. తమిళనాడులో 1975 నాటి సంఘాల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. మేము నలభై ఇళ్ళవాళ్ళం. అందులో తెలుగిళ్ళు ఎనిమిది. సమావేశం తమిళంలో జరుగుతుంది. అయ్యాక కాఫీ తాగేటప్పుడు మాత్రం ఒక మూల తెలుగు వినబడుతుంది.

మా అమ్మ పుట్టింది తిరుత్తణిలో. ఆమె చిన్నతనంలో అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అమ్మ ఇల్లు కదల్లేదు గానీ రాష్ట్రం మారింది. ఇప్పటికీ ఆమె తమిళం అవసరానికి మాట్లాడుతుంది, తెలుగు ఇష్టానికి మాట్లాడుతుంది. సాయంత్రం ఐదింటికి వీధి చివరకు నడిచివెళ్ళి ఆకుకూర, రెండు మూరల పూలు తెచ్చుకోవడం ఆమెకు అలవాటు. అక్కడ కూర్చునే ఆరుగురు ఆడవాళ్ళలో ఒకామె ఊత్తుకోట వైపు పల్లె నుంచి వస్తుంది. తెలుగామే. అమ్మకు ఆకుకూర ఒక నెపం, అసలు పని ఆమెతో కబుర్లు.

రెండేళ్ళ క్రితం కార్తీక మాసంలో అలా వెళ్ళినప్పుడే ఒక మోటారుసైకిలు తగిలి అమ్మ పడిపోయింది. మణికట్టు విరిగింది. కుర్రవాడు ఆగాడు పాపం, వాడే ఆటో పిలిచాడు. నెలన్నరకు కట్టు విప్పారు గానీ భయం పోలేదు. అమ్మ గేటు దాటడం మానేసింది. "ఇంట్లోకే తెచ్చిస్తున్నారు కదా, నాకేం పని?" అనేది. ఐదు కాగానే గేటు దగ్గర కుర్చీ వేసుకుని వీధి చివరకేసి చూస్తూ కూర్చునేది.

ఆ వారమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అందరూ ఆవేశంగా ఉన్నారు, నేను అందరికంటే ఎక్కువ. నడిచే చోటంతా కూరగాయలవాళ్ళు ఆక్రమించారు, వాళ్ళను లేపేయాలి అని తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించాం. సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే వినతుల దినానికి ఇవ్వడానికి మను నేనే రాశాను. మా ప్రాంతంలో అర్జీని మను అనే అంటాం. తమిళంలో రెండు పేజీలు, ముప్పై ఆరు సంతకాలు.

ఆదివారం సాయంత్రం ఆ ఊత్తుకోట ఆమె మా ఇంటికే వచ్చింది, అమ్మకు మునగాకు పట్టుకుని. డబ్బు తీసుకోలేదు. వెళ్ళేముందు గేటు దగ్గర నన్ను ఆపి, "అన్నా, మమ్మల్ని లేపేస్తారంట కదా? పెద్దమ్మ చెప్పిందా అట్ల చెయ్యమని?" అని అడిగింది. ఏదో నసిగాను.

లోపలికి వచ్చి అమ్మను అడిగాను, ఆ రోజు సరిగ్గా ఎక్కడ రోడ్డు మీదికి దిగావని. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నాతో సహా. "మన గేటు ముందరే రా. ఆ సిమెంటు ఏటవాలు ఎక్కి దిగలేక పక్కకు దిగినాను. అవతల ఇంటి కారు ఉండాది కదా, మళ్ళీ పైకి ఎక్కే సందు లేదు," అంది.

ఆ ర్యాంపు నేను కట్టించిందే. కారు సులువుగా ఎక్కాలని మేస్త్రీతో చెప్పి మరీ ఒక జానెడు ముందుకు పొడిగించాను.

సోమవారం మను ఇవ్వలేదు. మరుసటి ఆదివారం పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి, టేపు పట్టుకుని నేనూ, రిటైరైన ఒక తమిళ మాస్టారూ వీధి పొడవునా కొలిచాం. కాలిబాట మీద అడ్డులేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతాయి. మా వీధిలో అంత వెడల్పు ఉంది, కాగితం మీద. బ్యాంకు పద్ధతిలో రెండు వరుసలుగా రాసుకున్నాం. కూరగాయల ఆడవాళ్ళు ఆరుగురూ కలిసి ఆక్రమించింది ముప్పై అడుగులు, అదీ సాయంత్రం మూడు గంటలు. మా సభ్యుల ర్యాంపులు, కార్లు, మొక్కల తొట్లు, ఒకరింటి జనరేటరు కలిసి రెండువందల పది అడుగులు, ఇరవై నాలుగ్గంటలూ. మనుపై సంతకాలు చేసినవాళ్ళ లెక్క ఇది.

ఈ కాగితం సమావేశంలో చదివినప్పుడు జరిగిన రభస రాయడం బాగుండదు. "మీ అమ్మ పడిందని మేమంతా వస్తే మమ్మల్నే దొంగలంటారా?" అని ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. మా తెలుగాయనే. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ వారం నా ర్యాంపు నేను పగలగొట్టించాను. మేస్త్రీ కూలి, కొత్తగా గేటు లోపలి వైపుకు ఏటవాలు, అంతా కలిపి పద్దెనిమిది వేలు. ఖర్చు బాధించింది, దాచడమెందుకు! కానీ తర్వాత నెలలో నాలుగిళ్ళవాళ్ళు అదే మేస్త్రీని పిలిచారు.

ఈ దారిలో మాకు ముందు నడిచినవాళ్ళు చెన్నైలోనే ఉన్నారు. 1989లో ఎం.బి. నిర్మల్ ఎక్స్‌నోరా ప్రారంభించినప్పుడు వీధివీధికీ ఒక సంఘం పెట్టించి, ఇంటింటికీ నెలకు కొద్ది మొత్తం వసూలు చేసి, మూడు చక్రాల బండిలో చెత్త తీయించారు. చెత్త విషయంలో వాళ్ళు మొదట చేసిన పని ఆఫీసుల మీద దండెత్తడం కాదు, తమ ఇంటి చెత్త రోడ్డు మీద వేయడం మానడం. ఆయన కూడా మా బ్యాంకుల నుంచి వచ్చినవాడే అని చెప్పుకోవడం నాకు కొంచెం గర్వం.

కూరగాయలవాళ్ళ సంగతి కూడా మాకు ఆలస్యంగానే తెలిసింది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా వాళ్ళను లేపేయడానికి వీల్లేదు. పట్టణ వ్యాపార కమిటీలో నూటికి నలభై మంది వాళ్ళ ప్రతినిధులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్ళు. మా మను అలాగే ఇచ్చి ఉంటే చట్టం తెలిసిన గుమాస్తా ఎవరైనా నవ్వేవాడు.

రెండో మను వేరేగా రాశాం. వీధి చివర ఖాళీ ప్రహరీ పక్కన వాళ్ళకు చోటు గుర్తించాలని, మలుపులో తెల్లగీతలు వేయాలని, ఒక స్పీడు బ్రేకరు కావాలని. అంతకుముందే ఎవరో మిగిలిన సిమెంటుతో రాత్రికి రాత్రి ఒకటి కట్టారు, ఎక్కిన ప్రతి బండీ అడుగు తగిలేది. అసలైనదానికి 1988లోనే కొలతలు ఇచ్చారు: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల వేగంతో వస్తే కుదుపు ఉండదు, ఎక్కువైతేనే తెలుస్తుంది. ప్రహరీ పక్కన నేల చదును చేయించి రాళ్ళు పరచడానికి 'నమక్కు నామే' పథకం కింద అడిగాం. అంటే 'మనకు మనమే'. ఖర్చులో మూడో వంతు ప్రజలు పెట్టుకోవాలి. వసూలు నా పని. వీధిలో అందరికంటే ముందు డబ్బిచ్చింది ఆ ఆరుగురు ఆడవాళ్ళు, తలా రెండువందలు. రసీదు రాసిచ్చాను.

పనికి పదమూడు నెలలు పట్టింది. తెల్లగీతలు ఇప్పటికే సగం చెరిగిపోయాయి. అమావాస్య నాడు పరిస్థితి ఇంకా పాతదే. అయినా ఇప్పుడు సాయంత్రం ఐదింటికి అమ్మ చేతికర్రతో బయలుదేరుతుంది. మొదటి వారం నేను వెనకాల నడిచేవాణ్ణి, తర్వాత వద్దంది. ఊత్తుకోట ఆమె అమ్మ కోసం ఒక చిన్న స్టూలు తెచ్చి పెట్టింది. "ఏం పెద్దమ్మా, నిన్న రాలేదే, ఒళ్ళు బాగుండాదా?" అంటుంది. ఇద్దరూ ఆరున్నర దాకా లేవరు. ఆకుకూర మా ఇంట్లో అవసరానికి మించి పోగుపడుతోంది.

వీధిలో ఇంకా మూడు ర్యాంపులు మిగిలాయి. అందులో ఒకటి మా సంఘం అధ్యక్షుడిది. ఆయనతో మాట్లాడే బాధ్యత పోయిన సమావేశంలో నాకే అప్పగించారు.