హాస్యచిత్రములలో స్త్రీల స్పర్ధ

స్త్రీకి స్త్రీయే శత్రువను మాట హాస్యచిత్రములలో తరచు వినబడును. ఆ శత్రుత్వమునకు మూలము స్వభావమా, పరిస్థితియా అని రచయిత తేల్చుకొననిదే పాత్రలు నిలువవు.

1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వమున వెలువడిన ‘మిస్సమ్మ’లో ఉపాధ్యాయపదవి దంపతులకే ఇత్తురు. కనుక మేరీ, ఎం.టి. రావు భార్యాభర్తలుగా నటింతురు. రావు జమీందారు కుమార్తె సీతకు సంగీతము నేర్పుచుండగా మేరీకి అసూయ కలుగును. అతడు తనవాడనుటకు హక్కు లేదు, ఊరకుండుటకు మనసొప్పదు. నవ్వు ఈ సంకటమునుండియే పుట్టినది. తుదకు ఇరువురును అక్కచెల్లెండ్రని తెలియును.

ఆ పాత్రలు ధరించిన సావిత్రి, జమునలే ‘గుండమ్మ కథ’ (1962)లో లక్ష్మి, సరోజలైరి. సవతి కూతురికి చాకిరి, సొంత కూతురికి గారాబము. ఆదరమును ఇట్లు వంతులు వేసినది తల్లి. సరోజకు బుద్ధి గరపు అధికారము మాత్రము భర్తది.

ఈ రెండింటను స్త్రీ విలువకు కొలబద్ద వివాహము. అమెరికాలో 2004లో వచ్చిన ‘మీన్ గర్ల్స్’లో కొలబద్ద తోటి బాలికలలోని పలుకుబడి. టీనా ఫే రచించిన ఈ చిత్రమున, ఏనాడు ఏ రంగు ధరింపవలెనో కూడ ఒక చిన్న ముఠా శాసించును. కొత్తగా బడికి వచ్చిన కేడీ ఆ ముఠాను కూల్చబోయి తానును అట్టిదే యగును. చివరకు నాట్యోత్సవమున తనకు దక్కిన కిరీటమును విరిచి, ముక్కలను తోటివారికి పంచును.

కిరీటమొక్కటే యైనచోట పోటీ తప్పదు. హాస్యరచయిత బాలికల కలహమును చూచి నవ్వించి ఊరకొనరాదు. ఒక్క కిరీటమునే చేయించిన పెద్దలను కూడ రంగముమీదికి పిలువవలెను.