పనికి బోవు తల్లి – చంటిబిడ్డ పాలు

బిడ్డ యింకను రొమ్ముపాలు కుడుచుచుండగనే పనికి బోవలసిన తల్లులు మనలో ననేకులు గలరు. పోయిన కొలదిదినములకే పాలు తగ్గినవని వారు వగచుచుందురు. పథ్యము చాలలేదని అత్తగారును, దిష్టి తగిలినదని ఇరుగుపొరుగువారును జెప్పుదురు. నిజమునకు కారణము వేరు. స్తన్యము కడవలో నింపిన నీరు వంటిది కాదు. చెలమ వంటిది, తోడినకొలది యూరును. బిడ్డ చీకినపుడు తల్లి మెదడు క్రిందనున్న గ్రంథినుండి ప్రొలాక్టిన్ అను స్రావము వెడలి పాలను బుట్టించును. దినమంతయు పాలు తీయక యున్నచో ఉత్పత్తి తగ్గిపోవును. రొమ్ము గడ్డకట్టి జ్వరము వచ్చుటయు గలదు.

ఈ సంగతిని లోకము గుర్తించి నూరేండ్లు దాటినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థవారు చేసిన యొడంబడికయందే, పాలిచ్చు తల్లికి పనివేళలలో దినమునకు రెండుమారులు అరగంట చొప్పున విరామ మీయవలెనని యున్నది. మన దేశమున 1961 నాటి ప్రసూతి చట్టము బిడ్డకు 15 మాసములు నిండువరకు, మామూలు విశ్రాంతిగాక, దినమునకు రెండు విరామములు విధించినది. 2017లో దానిని సవరించి, మొదటి యిద్దరు బిడ్డలకు జీతముతోడి సెలవును 12 వారములనుండి 26 వారములకు బెంచిరి. 50 మందియు నంతకు మించియు పనిచేయుచోట శిశుశాల యుండవలెననియు, తల్లి దినమునకు నాలుగుమారులు పోయి బిడ్డను జూడవచ్చుననియు జేర్చిరి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ హక్కులు నిలిచియున్నవి.

విరామము సరియే, చోటేది? మరుగుదొడ్డిలో గూర్చుండి పాలు పిండుకొనుమనుట తల్లికిని బిడ్డకును అవమానము. గడియగల చిన్నగది, కుర్చీ, చేతులు కడుగుకొన నీళ్లు, ఇంతకన్న నక్కరలేదు. చుట్ట కాల్చుటకు బయటికి బోవు పురుషుల నిమిషములను లెక్కించిన యజమానిని మాత్రము నేనింతవరకు జూడలేదు!

ఇదంతయు కచేరీలవారి మాట. తట్టమోయు కూలితల్లి గతి యేమి? 1969లో ఢిల్లీలో రాజఘాట్ కడ కట్టడపు పనులు జరుగుచుండగా, కూలీల పసికందులు దుమ్ములో బడియుండుట జూచి మీరా మహాదేవన్ గారు ఒక డేరా వేయించి వారిని సాకిరి. పని యెచటికి బోయిన శిశుశాలయు నచటికే బోవు ‘మొబైల్ క్రెషెస్’ సంస్థ అట్లు పుట్టినది.

ఇక నింటివారి వంతు. శుభ్రమైన చేతులతో, మరగిన నీట కడిగిన గిన్నెలోనికి బిండి మూతపెట్టిన పాలు గదిలో నాలుగు గంటలు నిలుచును. మండువేసవిలో నంతసేపు నమ్మరాదు. ఫ్రిజ్జులో ఒక దినము ఉంచవచ్చును. పొయ్యిమీద కాచక, గిన్నెను వేడినీటిలో నుంచి గోరువెచ్చజేసి, సీసాకు మారుగా మన పెద్దల ఉగ్గుగిన్నెతోనే పట్టవలెను. ఆరుమాసములు నిండనిబిడ్డకు ఆవుపాలు కలుపవలదు. తల్లి యింట నున్నంతసేపు, ముఖ్యముగా రాత్రులందు, రొమ్మే యీయవలెను. ప్రొలాక్టిన్ రాత్రివేళనే హెచ్చుగా నుండును.