మన మిద్దెలలో, బావులలో పక్షుల గూళ్లు

కడప జిల్లా లంకమల అడవుల చెంత 1986లో కలివికోడి మరల కనబడినప్పుడు పక్షిశాస్త్రజ్ఞులు అబ్బురపడిరి. 1900 తరువాత దానిని చూచినవారే లేకుండిరి. పూర్వపు కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో నున్న రోళ్లపాడు పచ్చికబీళ్లు బట్టమేక పిట్టకు ఒకప్పుడు పేరుమోసినవి. ఇట్టి అరుదైన పక్షులకు అభయారణ్యములు గలవు. మేమిచట ప్రస్తావించునవి ఇంటి దూలము మీదను, పెరటి బావిలోను గూడు కట్టుకొను సామాన్యపు పిట్టలు. వీని మంచిచెడ్డలు చాలవరకు పంచాయతీ తీర్మానములలోనే యున్నవి.

మన చౌడుమట్టి మిద్దెలలో దూలములకును దంతెలకును నడుమ సందులుండెడివి. ఊరపిచ్చుకకు అంతకన్న మేలైన చోటు లేదు. సిమెంటు కప్పులు వచ్చిన పిదప ఆ సందులు మూసికొనిపోయినవి. పిచ్చుక కొర్రలు, జొన్నలు తినుట అందరు నెరిగినదే. కాని తన పిల్లలకు తొలిదినములలో అది పురుగులనే తెచ్చిపెట్టును. గ్రుడ్లు పొదుగుటకు సుమారు రెండు వారములు, పిల్లలు ఎగురుటకు మరి రెండు వారములు పట్టును. బడికి సున్నము వేయించునపుడు గూడున్న మూలను ఒక నెల వదలివేసిన చాలును. కొత్త కట్టడములకు మూడు సెంటీమీటర్లకు కొంచెము మించిన రంధ్రముగల కొయ్యపెట్టెను, ఎండ తగులని చోట, పిల్లికి అందనంత ఎత్తున బిగింపవచ్చును.

గిజిగాని సంగతి వేరు. వానలు పడి గడ్డి పచ్చబడగానే బావిపైకి వంగిన తుమ్మకొమ్మలకు గూళ్లు వ్రేలాడును. క్రింద నీరు, చుట్టును ముళ్లు ఉండుటచే పాములకు, పిల్లులకు అవి సులభముగా అందవు. మగపక్షి గూటిని సగము వరకు అల్లి ఆడుపక్షికి చూపును. ఆమెకు నచ్చినచో తక్కినది ముగించి, వెంటనే మరియొక గూటికి పూనుకొనును! నచ్చనిచో ఆ సగము గూడు అట్లే మిగిలిపోవును. ఈ వింత సంసారమును సలీం అలీ 1930 ప్రాంతమున బొంబాయి సమీపమున పరిశీలించి లోకమునకు తెలిపెను.

బోరుబావులు వచ్చిన తరువాత పాతబావులు అనేకము ఎండి పాడుపడినవి. గట్టుగోడ లేని పాడుబావి పసిబిడ్డలకు, పశువులకు ప్రాణాపాయము. దాని నట్లే వదలివేయుడని మేము చెప్పము. చుట్టును గోడ కట్టించి చెట్టును నిలుపుట మొదటి మార్గము. పూడ్చుట తప్పనిచో ఆ పనిని సంక్రాంతి తరువాత, గూళ్లు ఖాళీగా నుండు దినములలో పెట్టుకొనవలెను. గిజిగాండ్లు కొర్రచేలపై వాలి నష్టపరచుట నిజమే. రైతు వానిని తోలుకొనుటను ఎవరును తప్పుపట్టరు. పిల్లలున్న గూళ్లను రాల్చుట మాత్రము వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, రక్షణగల పక్షుల గ్రుడ్లను చెరచుట, గూళ్లను కదల్చుట కూడ వేట క్రిందికే వచ్చును. చెట్లు కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి యవసరము.

పాత గుడి గోపురములలో కాపురముండు గుడ్లగూబను అపశకునమని తరుముట మనకు నష్టదాయకమైన అలవాటు. వేరుసెనగ చేలను పాడుచేయు ఎలుకలే దాని ముఖ్యాహారము.

రాయలసీమలోనే, నేటి శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలమున వీరాపురమను గ్రామము గలదు. అచటికి ఏటేట ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఇండ్ల నడుమ చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుకొనును. గ్రామస్థులు వానిని తమ ఊరి అదృష్టముగా భావించి, ఎవరిని వేటాడనీయరు.