జీతపు చీటీ లేనివారికి ఇంటి అప్పు

వేంపల్లెలో సొంత ఇంటి కోసం తపించే మన కుటుంబాలలో చాలామంది వద్ద నెల జీతపు చీటీ ఉండదు. దర్జీ, మేస్త్రీ, పండ్ల బండి నడుపుకొనేవాడు, కువైత్‌లో ఖాదిమ్ వీసాపై డ్రైవరుగా ఉన్న కుమారుడు: వీరి సంపాదన హలాలైనదే, కాని కాగితం మీదికి ఎక్కనిది. బ్యాంకు ఫారం-16 అడుగుతుంది, రెండు మూడేండ్ల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతుంది. తహశీల్దారు కార్యాలయం ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం స్కాలర్‌షిప్పులకు పనికివస్తుందే గాని, ఇంటి రుణానికి బ్యాంకును ఒప్పించలేదు.

ఈ ఖాళీలోకి ప్రైవేటు గృహరుణ సంస్థలు ప్రవేశించాయి. వాటి మనిషి దుకాణానికే వస్తాడు, గిరాకీ చూస్తాడు, పద్దు పుస్తకం తిరగవేస్తాడు, ఇరుగుపొరుగును విచారించి ఆదాయం అంచనా వేస్తాడు. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. దాని వెల మాత్రం పెద్దది. 10 లక్షల అప్పును 15 ఏండ్లలో తీర్చాలంటే 9 శాతం వడ్డీకి నెల కంతు సుమారు 10,143 రూపాయలు. 14 శాతమైతే 13,317. మొత్తం మీద తేడా 5 లక్షల 70 వేలు దాటుతుంది. 90 దినాలు కంతు ఆగితే అది మొండి బాకీ అవుతుంది. ఆ పిదప 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తించే సంస్థ 60 దినాల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకొనే చర్యకు దిగవచ్చు. రమజాను గిరాకీ మీద ఏడాది గడిపే దర్జీకి మూడు నెలలు ఎంతలో గడుస్తాయి!

మరికొందరు దళారులు లేని కొలువుకు జీతపు చీటీ తయారుచేసి ఇస్తారు. అది అబద్ధపు సాక్ష్యం, చట్టరీత్యా నేరం. నియ్యత్ మంచిదన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇక వడ్డీ సంగతి. ఐరోపా ఫత్వా మండలి 1999లో అక్కడి ముస్లింలకు గృహరుణం విషయమై ఇచ్చిన సడలింపును కొందరు ఇక్కడికి యథాతథంగా తెచ్చుకొంటున్నారు. వేరే మార్గం లేకపోవడం, ఉండడానికి చాలిన మరో ఇల్లు లేకపోవడం, ఆ ఇల్లు సొంత నివాసానికే కావడం ఆ మండలి పెట్టిన షరతులు. అద్దెకు ఇల్లు దొరికే ఊరిలో ఆ మాట అంత సులభంగా పొసగదని నా అభిప్రాయం. నిజంగా గత్యంతరం లేని కుటుంబం తన పరిస్థితిని విడిగా ముఫ్తీ ముందుంచి అడగాలి.

మన దేశంలో వడ్డీ లేని బ్యాంకింగును రఘురాం రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోవడం లేదని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది. కాబట్టి ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

తెరిచి ఉన్నవి చిన్న ద్వారాలు. స్థలం యజమానితో ధర ముందే ఖాయపరచుకొని కంతులపై కొనడం షరీఅతులో ధర్మసమ్మతమే. రొక్కానికి ఒక ధర, వాయిదాకు మరొక ధర చెప్పినా, బేరం ఒకదానిపై తెగిపోవాలి; ఆలస్యమైందని తర్వాత పెంచరాదు. వేలం పాట లేక, ప్రతి సభ్యుడూ కట్టినంతే తీసుకొనే చీటీ ఒక రకమైన పరస్పర ఖర్జె హసన. పాట పాడి తగ్గించుకొనే చీటీలో మాత్రం వడ్డీ దాగి ఉంది. అర్హులైతే ఆవాస్ యోజన గ్రామీణ పథకం మైదాన ప్రాంతానికి ఇచ్చే 1,20,000 రూపాయలు అప్పు కాదు, సాయం. దానిలో వడ్డీ ప్రసక్తి లేదు. ఒక గది కట్టి, రెండేండ్లు ఆగి మరో గది వేసుకోవడం మన సీమలో నామోషీ కానే కాదు.

కువైత్‌లో ఉన్నవారు డబ్బును హుండీలో గాక బ్యాంకు ద్వారా పంపితే, రేపు దేనికైనా చూపడానికి లెక్క ఉంటుంది.

స్థలం కొనేముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీయించాలి. డి.కె.టి. పట్టా అయితే బదిలీ హక్కు ఉన్నదో లేదో తేల్చుకోవాలి. అప్పును వ్రాసుకోవాలని సూరె బఖరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది గనుక, అన్నదమ్ముల మధ్యనైనా సరే సర్వే నంబరు, హద్దులు, కంతుల తేదీలు వ్రాసి సాక్షులతో సంతకాలు చేయించాలి. ఇంటి కోసం భార్య నగలు అమ్మే ఇండ్లు కోకొల్లలు. ఆ బంగారం ఆమె సొత్తు. అది కానుకయా, అప్పా, ఇంటిలో వాటాయా అన్నది ఆమెనే అడిగి, ఆ కాగితంలోనే వ్రాయాలి.