విజయనగరం ఎంత పెద్ద ఊరు?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో విజయనగరం స్థానం ఎక్కడ? 2011 జనాభా లెక్కల్లో వెతికితే జవాబు వెంటనే దొరుకుతుంది. పట్టణ పరిధిలో సుమారు 2.28 లక్షల మంది. అనంతపురానికి కింద, ఏలూరుకు కాస్త పైన. జాబితా అక్కడితో పూర్తవుతుంది గానీ ఊరి సంగతి పూర్తి కాదు. ఒక ఊరు ఎంత పెద్దదో తేల్చడానికి కనీసం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఊరి హద్దు ఎక్కడ గీశారు? ఎంతమంది అక్కడ ఉంటున్నారు? బయటి నుంచి ఎంతమంది అక్కడికి పనిమీద వస్తున్నారు? మన జాబితాలన్నీ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

ముందు హద్దు సంగతి చూద్దాం. అదే 2011 లెక్కల్లో కడప నగరంలో 3.44 లక్షల మంది, తిరుపతి నగరంలో 2.87 లక్షల మంది. అంటే కడపే పెద్దది. కానీ నగరాన్ని ఆనుకుని పెరిగిన చుట్టుపక్కల ఊళ్లను కూడా కలిపి లెక్కిస్తే తిరుపతి 4.6 లక్షలకు చేరి కడపను దాటిపోతుంది. రెండు లెక్కలూ జనగణన శాఖ ఇచ్చినవే, రెండూ నిజమే. అమెరికాలో ఇంతకంటే వింత ఉంది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నగరాన్ని 1968లో చుట్టూ ఉన్న కౌంటీతో కలిపేశారు. దాంతో 2020 లెక్కల్లో దాని జనాభా 9.5 లక్షలు, అట్లాంటాది 5 లక్షలే. అయినా అట్లాంటా కంటే జాక్సన్‌విల్ పెద్దదని అక్కడ ఎవరూ అనరు. శివార్లతో కలిపి చూస్తే అట్లాంటాలో 60 లక్షల పైచిలుకు జనం, జాక్సన్‌విల్‌లో 16 లక్షలు. మన దగ్గర విశాఖ కూడా అలా పెరిగిందే. 2005లో గాజువాక మున్సిపాలిటీనీ 32 గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ చేశారు. 2011లో కనిపించే 17 లక్షల పైచిలుకులో ఆ విలీనం వాటా కూడా ఉంది.

ఈ లెక్కలతో మామూలు మనిషికి పనేముందని అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంటి అద్దె భత్యం ఊరి జనాభానుబట్టే ఉంటుంది. 50 లక్షలు దాటితే ఒక తరగతి, 5 లక్షలు దాటితే రెండోది, మిగతావన్నీ మూడోది. 2024 జనవరి నుంచి ఆ మూడు తరగతులకూ మూలవేతనంలో 30, 20, 10 శాతం చొప్పున ఇస్తున్నారు. విశాఖలో పనిచేసే గుమాస్తాకు 20 శాతం వస్తుంది. అదే మనిషికి విజయనగరం బదిలీ అయితే 10 శాతం. పైగా 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కాబట్టి దేశమంతా ఇప్పటికీ 2011 అంకెల మీదే నడుస్తోంది.

ఇక నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే అంకెలు 1901 నాటివి. ఆ ఏడాది విశాఖపట్నంలో ఉన్నది సుమారు 41 వేల మంది. విజయనగరంలో 37 వేల మంది. శ్రీకాకుళంలో 18 వేలు. విశాఖ, విజయనగరం దాదాపు సమానం! ఒకటి కలెక్టరుగారి ఊరు, రెండోది మహారాజుగారి ఊరు. ఇంకా వెనక్కి వెళితే వరస పూర్తిగా తిరగబడుతుంది. ఉత్తర సర్కారుల కాలంలో పెద్ద పీట చికాకోలుది, అంటే నేటి శ్రీకాకుళానిది. ఒక సర్కారుకే అది కేంద్రం. విజయనగరం కోట కట్టింది 1713లో, ఆ లెక్కన అది కొత్త ఊరే. 1757 బొబ్బిలి యుద్ధం నాటికి మాత్రం ఈ ప్రాంతంలో విజయనగరం రాజులైన పూసపాటివారి మాటకు ఎదురు తక్కువ.

1901లో పక్కపక్కన నిలబడిన రెండు ఊళ్లలో ఒకటి 110 ఏళ్లలో రెండో దానికంటే ఏడున్నర రెట్లు ఎలా అయింది? దీనికి జవాబు విజయనగరం రైల్వే జంక్షన్‌లోనే ఉంది. ఇక్కడి నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ వెళ్లే లైను 1931లో పూర్తయింది. రెండేళ్లకే, 1933లో, విశాఖ రేవు తెరుచుకుంది. మధ్య భారతం సరుకు కొండలు దిగి విజయనగరం గుండానే వచ్చింది, కానీ ఇక్కడ ఆగలేదు. ఓడ ఎక్కేచోట ఆగింది. రేవు వెంట ఓడల కర్మాగారం, చమురు శుద్ధి కేంద్రం, నౌకాదళం, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా చివరికి విశాఖలోని వాల్తేరులోనే స్థిరపడింది. జంక్షన్ కావడం వల్ల దారి దొరుకుతుంది, సంపద దొరకాలని లేదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. బయటివాళ్లు ఎంతమంది వస్తున్నారు? 1933లో వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త దక్షిణ జర్మనీ ఊళ్లను ఈ దృష్టితోనే కొలిచాడు. ఆయన పట్టుకున్న కొలబద్ద టెలిఫోను. ఒక ఊరి జనాభాకు మామూలుగా ఉండాల్సిన ఫోన్ల కంటే ఎన్ని ఎక్కువ ఉన్నాయో చూశాడు. ఆ అదనపు ఫోన్లే ఆ ఊరు చుట్టుపక్కలవాళ్ల కోసం చేసే పనికి గుర్తు అన్నాడు. ఫోను ప్రతి జేబులోకీ వచ్చాక ఆ కొలత చెల్లదు. మనకు బస్సు బోర్డులు చాలు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడితే సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, రాజాం, చీపురుపల్లి, గజపతినగరం, ఎస్.కోట బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఈ ఊళ్లవాళ్లకు కలెక్టరేటో కోర్టో కాలేజో, పెళ్లి బట్టలో బంగారమో, ఏదో ఒక పని ఇక్కడే.

ఇంకా పెద్ద కొలత పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మూడులాంతర్ల దగ్గర అడుగు తీసి అడుగు వేయడానికి చోటుండదు. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, అంజలి రథం, జాలరివల. మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో ఒడిశా నుంచి దిగినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు ఏ జనాభా జాబితాలోనూ విజయనగరం లెక్కలోకి రారు. సంగీత కళాశాల సంగతీ అంతే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలుగా మొదలైన ఆ బడికి కృష్ణా జిల్లా నుంచి ఘంటసాల నేర్చుకోవడానికి వచ్చాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన చోటు అది. ఊరి పలుకుబడి మున్సిపల్ హద్దు దగ్గర ఆగదనడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

అయినా ఒక గట్టి అడ్డు ఉంది. విశాఖ 60 కిలోమీటర్లే. గుండె ఆపరేషన్ కావాలన్నా, విమానం ఎక్కాలన్నా, పెద్ద కంపెనీలో ఉద్యోగం కావాలన్నా విజయనగరం మనిషి చాలాసార్లు బండి ఎక్కాల్సిందే. దీనికి తిరగేసిన ఉదాహరణ అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్. 2020లో దాని జనాభా 1.17 లక్షలు, విజయనగరంలో సగం. కానీ ఎటు చూసినా వందల మైళ్ల దాకా ఇంకో పెద్ద ఊరు లేదు. అందుకే తూర్పు మోంటానాతో పాటు పక్కనున్న వయోమింగ్ ఉత్తర భాగానికీ ఆసుపత్రీ అంగడీ అదే.

ఇదే తర్కంతో శ్రీకాకుళాన్ని చూడండి. జనాభాలో అది విజయనగరం కంటే బాగా చిన్నది. రైలు స్టేషను కూడా ఊళ్లో లేదు, ఆమదాలవలసలో దిగి రావాలి. అయినా జిల్లా కేంద్రం 1950లోనే అయింది. విజయనగరం 1979 దాకా ఆగాల్సి వచ్చింది. శ్రీకాకుళానికి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. ఆ దూరమే దానికి బలం. జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. నరసన్నపేట, టెక్కలి, పలాస అన్నీ మొదట శ్రీకాకుళం వైపే చూస్తాయి. ఇచ్ఛాపురం దాకా వెళితే మాత్రం జనం ఒడిశాలోని బరంపురం వైపు తిరుగుతారు. కాబట్టి జనాభాలో చూస్తే ఉత్తరాంధ్రలో విశాఖ తర్వాత రెండో పెద్ద ఊరు విజయనగరమే. తన ప్రాంతం మీద గట్టి పట్టున్న ఊరు ఏదంటే, నా లెక్కలో శ్రీకాకుళం.

చుట్టుపక్కలవాళ్లకు ఆధారమైన ఊళ్లలో మూడో పేరు చాలామందికి తట్టదు. 2011లో పార్వతీపురం జనాభా దాదాపు 54 వేలు. నగరాల జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. కానీ కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల మీది గిరిజన పల్లెలకు అందుబాటులో ఉన్న మొదటి పట్టణం అదే. 2022 ఏప్రిల్‌లో అది మన్యం జిల్లాకు కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల విజయనగరానికి వచ్చింది, అది అవసరమే. ఇక నిపుణులైన డాక్టర్ల పోస్టులు పంచేటప్పుడు జనాభా వరసనే పట్టుకుంటే పార్వతీపురం వంతు చివరన వస్తుంది. కొండ దిగి వచ్చే గర్భిణికి ఎంత దూరంలో ఆపరేషన్ దొరుకుతుందన్నది లెక్కలోకి తీసుకుంటే మొదటి వరసలోనే వస్తుంది.