ఆరిన అగ్నిపర్వతాల మీద కార్లు రాని దారులు

ఫ్రాన్స్ పటంలో నడిబొడ్డున వేలు పెడితే అది ఒవేర్న్ ప్రాంతం మీద పడుతుంది. అక్కడ క్లెర్మోన్ ఫెరాన్ నగరానికి పడమరగా దాదాపు 80 అగ్నిపర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. ఈ వరసను షెన్ దే ప్యుయ్ అంటారు. పక్కనే నేల విరిగి కుంగిన లిమాన్య్ భ్రంశంతో కలిపి యునెస్కో దీన్ని 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంకా దక్షిణానికి వెళ్తే సాన్సీ, సెజాలియే, కాంతాల్ అని మరో మూడు పాత అగ్నిపర్వత సీమలు వస్తాయి. ఈ నాలుగింటి మీదుగా, కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిల్ మీద పొద్దున్నే బయల్దేరి పొద్దుగూకేదాకా తొక్కవచ్చు. కార్లు ఎదురయ్యేది ఊళ్ళ దగ్గరా, తారు రోడ్డు దాటాల్సిన చోటా మాత్రమే.

అంత కిక్కిరిసిన పశ్చిమ ఐరోపాలో ఇంత ఖాళీ ఎలా మిగిలింది? ప్రభుత్వం సైకిళ్ళ కోసం ప్రత్యేకంగా ట్రాకులు వేసి ఉంటుందని మనకు తోస్తుంది. చాలావరకు అలాంటిదేం లేదు. రాయి, పశువులు, వలస, చట్టం, ఈ నాలుగూ కలిసి ఆ దారులను మిగిల్చాయి. గ్రావెల్ సైకిల్ తీరా అన్నీ సిద్ధంగా ఉన్నాక వచ్చింది.

ముందు రాయి సంగతి. ఇక్కడ చాలా కొండలు గాల్లోకి ఎగజిమ్మిన లావా ముక్కలు కుప్పపడి ఏర్పడ్డవి. ఆ ముక్కను స్థానికులు పూజొలాన్ అంటారు. చేతిలోకి తీసుకుంటే కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెంలా ఒళ్ళంతా బొక్కలు, చూడటానికి పెద్దదే కానీ బరువుండదు. వేడిమీద ఉండగానే లోపలి ఇనుముకు గాలి తగిలితే ఎర్రబడుతుంది, లేకపోతే నల్లగానే ఉండిపోతుంది. ప్యుయ్ ద లా వాష్ అనే కొండ ఒక పక్క గోడ కూలిపోయి, లోపలి ఎరుపంతా బయటపెట్టుకుని ఉంటుంది. అక్కడి నుంచి పారిన లావాయే వేర్ అనే నదికి అడ్డుపడి ఎయ్‌దా సరస్సును సృష్టించింది. మన వికారాబాద్ వైపు నేల కూడా లావా పారి ఏర్పడ్డదే, కానీ దాని వయసు ఆరున్నర కోట్ల ఏళ్ళు. ఒవేర్న్ కొండల్లో చిన్నవాటికి పదివేల ఏళ్ళు కూడా నిండలేదు. అందుకే వాటి రూపం ఇంకా చెదరలేదు.

బొక్కల రాయి నీటిని నిలవనివ్వదు. వాన ఎంత కురిసినా నేలలోకి ఇంకి, లావా పొరల కిందుగా పారి, అవి ముగిసే చోట ఊటగా పైకి వస్తుంది. వోల్విక్ నీళ్ళ సీసా వెనక ఉన్న కథ ఇదే. సైకిల్ తొక్కేవారికి దీనివల్ల ఒక లాభం, ఒక కష్టం. వాన వెలిసిన కాసేపటికే దారి ఆరిపోవడం లాభం. కొండల వరస పొడవునా వాగు గానీ చెలమ గానీ కనబడకపోవడం కష్టం. ఇక్కడ తాగేనీళ్ళు వెంట తీసుకెళ్ళక తప్పదు. పైన నీళ్ళు లేవు, నేల పలచన, చలికాలం దీర్ఘం. ఇలాంటి చోట పెద్ద ఊళ్ళు పుట్టలేదు. నాగలికి లొంగని నేల గడ్డికి లొంగింది, గడ్డి ఉన్నచోటికి పశువులు వచ్చాయి.

మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకా సెజాలియే, కాంతాల్ పీఠభూముల మీద ఆవులు మేస్తాయి. ముదురు ఎరుపు ఒళ్ళు, పొడవాటి వంపు కొమ్ములు ఉన్న సాలేర్ జాతి ఆవులు ఈ సీమకు గుర్తు. వెనకటి రోజుల్లో పాలేర్లు వేసవంతా పైనే బ్యురోన్ అనే రాతి గుడిసెల్లో ఉండి కాంతాల్ జున్ను చేసేవారు. మందలు ఎక్కి దిగిన ఆ బాటలే ఇవాళ్టి సైకిల్ దారులు. తక్కువ వాలుతో మెలికలు తిరుగుతూ కొండెక్కడం వాటి గుణం. ఎందుకంటే దూడలు వెంట ఉన్న మందను నిట్టనిలువు దారిలో తోలరు. అందుకే అవి సైకిల్‌కు కూడా కుదిరాయి.

ఆ బాటలో అడుగడుగునా కంచెలు వస్తాయి. సన్నటి కరెంటు తీగ, దాని చివర స్ప్రింగు ఉన్న ప్లాస్టిక్ పిడి, పిడి కొసకు ఒక కొక్కెం. సైకిల్ దిగి, పిడి పట్టుకుని కొక్కెం విప్పి, తీగ నేలకూ సైకిల్‌కూ తగలకుండా పక్కకు తెచ్చి, దాటి, మళ్ళీ తగిలించాలి. అర నిమిషం పని. తగిలించకుండా వెళ్ళిపోతే ఒక రైతు మంద పక్కవాడి పొలంలో పడుతుంది. ఆ దారి మనకు దొరికిందే ఆ రైతు ఓర్పు వల్ల కాబట్టి, కంచె మూయడాన్ని నేను మర్యాదగా కాక విధిగానే చూస్తాను.

ఇక వలస. కాంతాల్ జిల్లాలో 19వ శతాబ్దంలో రెండున్నర లక్షల దాకా జనం ఉండేవారు. ఇప్పుడు లక్షన్నర కూడా లేరు. పారిస్ వెళ్ళి నీళ్ళు మోసి, బొగ్గులమ్మి, తర్వాత కాఫీ హోటళ్ళు పెట్టి ఆ నగరంలో నిలదొక్కుకున్నవాళ్ళలో ఒవేర్న్ వాళ్ళదే పెద్ద వాటా. వెనక ఊళ్ళలో ఇళ్ళు మూతపడ్డాయి, ఊరికీ ఊరికీ మధ్య బండ్లబాటలు మాత్రం మిగిలాయి. అన్నిటికీ తారు వేయడానికి డబ్బూ లేదు, అవసరమూ లేదు.

జనం వదిలేసిన బాట సాధారణంగా పక్క పొలంలో కలిసిపోతుంది. మన ఊళ్ళలో డొంకలకూ పుంతలకూ ఏం జరిగిందో చూశాం. ఫ్రాన్సులోనూ అలా పోయినవి తక్కువేం కాదు. అయినా అక్కడ గ్రామీణ బాటలు స్థానిక కమ్యూన్ (ఊరి పాలక సంస్థ) ఆస్తి, వాడుకునే హక్కు అందరిదీ. నడిచేవాళ్ళ దారులకు జాబితాలు తయారుచేసి కాపాడే బాధ్యతను 1980ల నుంచి జిల్లా పాలనకు అప్పగించారు. అన్నిటికన్నా పెద్ద అడుగు 1991 జనవరి 3 నాటి చట్టం. ప్రజల వాహనాలకు తెరిచిన రోడ్లు, బాటలు తప్ప, పచ్చిక బయళ్ళలో, అడవుల్లో, మరెక్కడా మోటారు బండి నడపకూడదని అది తేల్చింది. పొలం పనికి వెళ్ళే ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. జీపులకూ మోటారుసైకిళ్ళకూ అడ్డు పడింది కాబట్టే సైకిల్‌కు ఆ నిశ్శబ్దం దక్కింది. భూగర్భం ఎంత సహకరించినా ఈ చట్టం లేకపోతే ఆ కొండలు ఈపాటికి జీపు పందేల మైదానాలై ఉండేవని నా నమ్మకం.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. గ్రావెల్ సైకిల్ హ్యాండిల్ రేసు సైకిల్‌లా కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో గాలి కావాలనే తక్కువ పెడతారు, 30 నుంచి 40 పీఎస్ఐ. గట్టిగా గాలి కొట్టిన సన్నటి టైరు ప్రతి గులకరాయి మీదా మనిషినీ సైకిల్‌నూ కలిపి పైకెత్తి పడేస్తుంది, ఆ ఎగరడంలోనే కాళ్ళ శక్తి కొంత వృథా అవుతుంది. మెత్తటి వెడల్పు టైరు రాయిని తనలోకి నొక్కుకుని సాగిపోతుంది. అందుకని కంకర మీద మెత్తనిదే వేగమైనది. లోపల ట్యూబు ఉండదు, దాని బదులు చిక్కటి ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే చిల్లును అదే పూడుస్తుంది. పూజొలాన్ మీద ఇది బాగా నడుస్తుంది. లావా గడ్డకట్టి విరిగిన బసాల్ట్ అంచులు మాత్రం కత్తిలా టైరు పక్కను కోస్తాయి. ఆ కోత ద్రవంతో మూసుకోదు కాబట్టి, లోపలి నుంచి అతికించే ముక్క సంచిలో ఉండాలి.

ఈ టైరు కథకూ ఒవేర్న్‌కూ పాత బంధమే ఉంది. క్లెర్మోన్ ఫెరాన్ మిషెలిన్ కంపెనీ పుట్టిల్లు. రిమ్ముకు జిగురుతో అంటించిన గాలి టైరు పంక్చరైతే బాగుచేసి ఆరబెట్టడానికి గంటలకు గంటలు పట్టే రోజుల్లో, ఊడదీసి బిగించగలిగే సైకిల్ టైరును మిషెలిన్ సోదరులు 1891లో తెచ్చారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగివచ్చే పందెంలో షార్ల్ తెరోన్ ఆ టైర్లతో గెలిచాడు. దాదాపు 1,200 కిలోమీటర్లను 72 గంటల లోపే ముగించాడు. క్లెర్మోన్ మీదికి తొంగిచూసే 1,465 మీటర్ల ప్యుయ్ ద డోమ్ మీదికే 1648 సెప్టెంబరులో శాస్త్రవేత్త పాస్కల్ బావగారు పెరియే పాదరసం గొట్టం మోసుకెళ్ళాడు. కింద కన్నా పైన పాదరసం తగ్గి నిలవడంతో గాలికి బరువుందన్న మాట రుజువైంది.

ఆ కొండ మీదికి సైకిల్ ఎక్కించవచ్చా అంటే, కుదరదు. 2012లో పళ్ళచక్రపు రైలు మొదలయ్యాక శిఖరం రోడ్డు సైకిళ్ళకు మూసేశారు. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో 1952లో కొప్పి గెలిచింది, 1964లో ఆంకెతీల్, పూలిదోర్ భుజానికి భుజం రాసుకుంటూ ఎక్కింది ఇక్కడే. 1988 తర్వాత ఆ పందెం మళ్ళీ 2023లో గానీ పైకి రాలేదు. ఆ రోజు కూడా చివరి నాలుగు కిలోమీటర్లలో ప్రేక్షకులను నిలబడనివ్వలేదు. నేల కోసుకుపోతుందన్న భయం దానికి ఒక కారణం, అది ఉత్తది కాదు. పక్కనున్న పారియూ కొండ మీద జనం అడుగులకే వాలు కరుగుతుంటే చెక్క మెట్లు కట్టాల్సి వచ్చింది. శిఖరాలను నడిచేవాళ్ళకు వదిలేసి కొండల పాదాల చుట్టూ తిరగడమే అక్కడ సైకిల్‌కు తగిన పద్ధతి. తోపుల మధ్య అటవీ దారులు కూడా అటే ఉన్నాయి.

కొత్తగా తొక్కేవారికి ఎక్కుడు భయమైతే తూర్పు వైపు వెలే సీమ ఉంది, అదీ అగ్నిపర్వతాల నేలే. అక్కడ లె ప్యుయ్ పట్టణం నుంచి కొండలు దాటించాలని ఒక రైలు మార్గం మొదలుపెట్టి, సొరంగాలు తవ్వి, 1920ల్లో రెకూమెన్ అనే ఎత్తైన రాతి వంతెన కూడా కట్టి, పట్టాలు వేయకుండానే ఆపేశారు. ఒక్క రైలూ నడవని ఆ కట్ట మీద ఇప్పుడు సైకిళ్ళూ నడిచేవాళ్ళూ వెళ్తున్నారు. రైలు కోసం వేసిన వాలు కాబట్టి పిల్లలతో కూడా వెళ్ళవచ్చు. దూరాలు కోరేవారికి అవాలోన్ నుంచి మధ్యధరా సముద్రం దాకా, ఈ అగ్నిపర్వతాల మీదుగానే, సుమారు 1,400 కిలోమీటర్ల గుర్తులు పెట్టిన దారి ఉంది. అది మౌంటెన్ బైక్ కోసం గీసినది, కొన్ని దిగుళ్ళలో గ్రావెల్ సైకిల్ దిగి నడిపించుకోవాలి.

బయల్దేరడానికి జూన్, సెప్టెంబరు మంచి నెలలు. మేలో కూడా సాన్సీ నీడ వైపు మంచు మిగిలి ఉండవచ్చు. జూలై, ఆగస్టు సాయంత్రాలు ఉరుములు. పీఠభూమి మీద చెట్టు లేదు కాబట్టి మధ్యాహ్నం దాటేలోగా ఎత్తు దిగిపోయేలా చూసుకోవాలి.